అద్దె మడిగెలో దాచదగినవి, దాచరానివి

మనుష్యుడు తాను ప్రతిదినము వాడుకొను వస్తువులకంటె, ఎప్పుడైనను వాడుకొందునేమో యని దాచిన వస్తువులయందే యెక్కువ మమకారము చూపుననుటకు ఏ గృహస్థుని అటకయైనను చాలినంత సాక్ష్యము పలుకగలదు. అడుగు చిల్లిపడిన ఇత్తడి బిందె, కోడు విరిగిన పట్టెమంచము, పెద్దకుమారుడు పదవతరగతి చదివిననాటి పుస్తకములు, పెండ్లిలో కానుకగా వచ్చి అట్టపెట్టె విప్పకయే మిగిలిపోయిన మిక్సీ, ఇవి ఏ యింట లేవు? ఇల్లు విశాలమై, అటక బలమై, యజమాని స్థిరుడై యున్నంతకాలము ఈ మమకారమునకు వెల కట్టవలసిన పనిలేదు. ఇల్లు మారవలసివచ్చిననాడు మాత్రము, లారీ వాకిట నిలిచి హమాలీలు తొందరపెట్టుచుండగా, తీసికొనిపోవలెనా, ఎవరికైన ఇచ్చివేయవలెనా, ఎక్కడనైన దాచవలెనా యను ప్రశ్న ఒక్కొక్క వస్తువుకడను ఎదురై యజమానిని నిలువునా ఆపివేయును.

ఓరుగల్లు సీమలో ఈ ప్రశ్న గడచిన పది సంవత్సరములలో మునుపటికంటె తరచుగా ఎదురగుచున్నది. 2016 అక్టోబరు 11న, ప్రధానముగా పాత వరంగల్లు జిల్లా మండలములతో, జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి వేరువేరు జిల్లాలైనవి. 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లినుండి ములుగు మరల విడివడినది. 2021 డిసెంబరు 6 నాటి 317వ నంబరు జీ.ఓ. ననుసరించి ఉద్యోగులను, ఉపాధ్యాయులను క్రొత్త జిల్లాలకు పంచినప్పుడు హన్మకొండలో ఇల్లు, కాటారములో కొలువు వంటి స్థితి పలువురికి ప్రాప్తించినది. భూపాలపల్లి సింగరేణి కార్మికుడు విరమణ పొందిన పిమ్మట కంపెనీ క్వార్టరు ఖాళీ చేయవలసి యుండును. స్వగ్రామమున కట్టుకొను ఇల్లు అప్పటికి స్లాబుదాక వచ్చి ఆగియుండును. మహబూబాబాదు ప్రక్క తండానుండి బయలుదేరిన యువదంపతులు హైదరాబాదులో రెండు గదుల వాటాలో ఒదిగికొందురు. జనగామలో కాపురమున్న వృద్ధులు అమెరికాలోని కొడుకువద్దకు ఆరు నెలలకని పోవుదురు. ఇట్టివారు ఊరిలోనే ఒక షట్టరు మడిగెనో, రేకులగదినో నెలయద్దెకు మాటలాడుకొని, సామాను సర్ది తాళము వేయుచున్నారు. హైదరాబాదులోనైతే చదరపుటడుగుల లెక్కన సామానుగదులను అద్దెకిచ్చుటయే వ్యాపారముగా పెట్టుకొన్న సంస్థలును కలవు. గది యెట్టిదైనను అందులో ఏమి పెట్టవలెను, ఏమి పెట్టరాదు, పెట్టినదానిని ఎన్నాళ్ళుంచవలెను అను మూడు విషయములను నిర్ణయించుకొనుటలో తోడ్పడుటయే ఈ అధ్యాయపు పని.

పెద్దలు దాచిన తీరు

దాచుట మన ప్రాంతమునకు క్రొత్తగా నేర్వవలసిన విద్య గాదు. వెదురుబద్దలతో అల్లి పేడమట్టితో అలికిన గుమ్మిలో వడ్లు, మట్టికాగులలో పప్పులు, నేలలో త్రవ్విన పాతరలో జొన్నలు నిలువచేయుట మన తాతలనాటి వ్యవసాయములో నిత్యకృత్యము. పాతర కొరకు వారు నీరు నిలువని మెరకచోటును, గట్టినేలను వెదకుకొనెడివారు. గొయ్యి త్రవ్విన పిమ్మట అందులో మంట వేసి గోడల చెమ్మ నార్పి, అడుగునను చుట్టును గడ్డి పరచి, జొన్న పోసి, పైన మరల గడ్డి కప్పి మట్టితో మూసెడివారు. గాలి చొరని ఆ చీకటిలో గింజ తన శ్వాసచేతనే ప్రాణవాయువును హరించి బొగ్గుపులుసు వాయువును నింపుటవలన పురుగు బ్రతుకజాలకుండెను. ఆ కారణముచేతనే అందు దిగిన మనిషికిని ప్రాణాపాయముండెను. కావున పాతర తెరచిన దినమున మూత తొలగించి, కొంతసేపు గాలి తగులనిచ్చి, త్రాటికి కట్టిన దీపమును లోనికి దింపి, అది ఆరిపోక నిలిచి వెలిగిన పిమ్మటనే మనిషిని దిగనిచ్చెడివారు.

ఈ పద్ధతినుండి నేటి మడిగె అద్దెదారుడు గ్రహింపవలసిన అంశములు మూడు. సరకుకంటె ముందు చోటును పరీక్షింపవలెననుట మొదటిది. లోపలి గాలి, తేమ, వేడి యెట్టివో ఎరిగి దానికి తగిన వస్తువునే అందు పెట్టవలెననుట రెండవది. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది: పాతర వేసినవానికి దానిని ఎప్పుడు తీయవలెనో తెలియును. క్రొత్తపంట ఇంటికి వచ్చువరకో, ధర పెరుగువరకో, ఆడబిడ్డ పెండ్లివరకో, ఏదో యొక గడువు అతని మనస్సులో స్థిరముగా నుండును. తీయు దినమును తలపోయక పాతర వేసిన రైతు లేడు. తీయు దినమును తలపోయక మడిగెకు తాళము వేసిన గృహస్థులు మాత్రము నేడు వీధికి నలుగురు కలరు. గడువు చెప్పగలిగిన వస్తువునకే అద్దెగదిలో చోటీయవలెననునది ఈ అధ్యాయమునకు ప్రాణమైన సూత్రము. తక్కిన సూచనలన్నియు దానినుండి పుట్టినవే.

మిర్చిరైతు లెక్క

అద్దెకు చోటు తీసికొని సరకు దాచుటలో మన ప్రాంతమున మిక్కిలి ఆరితేరినవాడెవడని యడిగినచో మిర్చిరైతును చూపవలెను. మహబూబాబాదు జిల్లాలో పండిన తేజ, వండర్ హాట్, చపాటా రకముల కాయ వేసవిలో వరంగల్లు ఏనుమాముల మార్కెటునకు ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు, ఆనాటి ధరకు అమ్మ నిష్టపడనివారు బస్తాలను కోల్డ్ స్టోరేజీకి తరలింతురు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిర్చికి కారముకంటె ఎర్రని రంగే ఆస్తి. రేకుల క్రింద మే నెల యెండలో నెలరోజులున్నచో ఆ రంగు వెలసిపోవును గనుక దానికి చల్లనిగది అవసరమగును. కాయలో తేమ నూటికి పది, పదకొండు పాళ్ళకు మించకుండ కళ్ళములో ఎండబెట్టి, తాలుకాయ ఏరి, బస్తాలు కుట్టి పంపిన పిమ్మట స్టోరేజీవారు లాటు నంబరు వేసి బాండు వ్రాసి యిత్తురు. తీసిననాడును జాగ్రత్త కావలెను. చల్లనిగదినుండి ఎకాయెకి వేడిగాలిలోనికి వచ్చిన బస్తాపై చెమ్మ పట్టును గనుక దానిని ఆరనిచ్చి గాని అమ్మకమునకు పెట్టరు.

ఇంత చేసిన రైతు మనస్సులో ఒక లెక్క సర్వదా నడచుచుండును. బస్తాకు అద్దె యింత, హమాలీ కూలి యింత, తూకములో తరుగు యింత, పెట్టుబడికి తెచ్చిన అప్పుపై వడ్డీ నెలకింత; ఇవన్నియు కలిపినదానికంటె ధర పెరుగుదల మించినచో దాచుట లాభము, లేనిచో ఆనాడే అమ్ముట మేలు. ఈ లెక్క ప్రతిసారియు ఫలించునని కాదు. 2023లో క్వింటాలు 20,000 రూపాయలకు పైబడి పలికిన తేజ 2025 ఆరంభమునకు అందుకు ఎంతో దిగువకు దిగజారినప్పుడు, మంచిధర మరల వచ్చునని బస్తాలను అట్టిపెట్టుకొన్నవారు అద్దెయు వడ్డీయు కట్టి తక్కువ ధరకు అమ్ముకొనవలసి వచ్చినది. అయినను నష్టము ఎక్కడ, ఎంత, ఎందుచేత కలిగెనో ఆ రైతు వ్రేళ్ళపై చెప్పగలడు.

ఇంటిసామాను దాచినవానికి అంతటి లెక్క యుండదు. నెలకు 2,000 రూపాయల అద్దెకు ఒక చిన్న మడిగె తీసికొంటిరనుకొందము. ఏడాదికి 24,000, మూడేండ్లకు 72,000 రూపాయలగును. అందులోని పాత సోఫా, ప్లైవుడ్డు అలమార, రెండు ప్లాస్టికు కుర్చీలు, వాడని కూలరు కలిపి అమ్మినచో పదివేలు వచ్చుట దుర్లభము. మొదటి ఆరు మాసముల అద్దెతోనే వస్తువుల వెల తీరిపోగా, తక్కిన ముప్పది మాసములును ఆ గృహస్థుడు తన నిర్ణయము వాయిదా వేసినందుకు కప్పము కట్టుచున్నట్లు లెక్క. కావున మడిగెకు పోవు ప్రతి వస్తువునకును ఒక కాగితముపై రెండు అంకెలు వ్రాసికొనవలెను: నేడు అమ్మిన ఎంత వచ్చును, తిరిగి కొనవలసివచ్చిన ఎంత యగును. దాచదలచిన గడువులో ఆ వస్తువు వంతునకు వచ్చు అద్దె ఈ రెండు అంకెల భేదమును మించినచో, దానిని అమ్మివేసి, కావలసిననాడు మరల కొనుటయే వివేకము.

తాళపుచెవి ఎవరిదో భారము వారిది

గిడ్డంగిలో సరకు పెట్టుటకును, గది అద్దెకు తీసికొని సరకు పెట్టుకొనుటకును చట్టముదృష్టిలో గొప్ప అంతరమున్నది. మీ వస్తువును మరియొకరు భద్రపరచెదనని చేతికి తీసికొన్నచో, సామాన్య వివేకముగల మనుష్యుడు తన సొంత వస్తువును ఎట్లు కాపాడుకొనునో అట్లు దానిని కాపాడవలసిన బాధ్యత అతనిపై నుండునని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టములోని 151వ సెక్షను విధించుచున్నది. నమోదైన గిడ్డంగులకైతే 2007 నాటి గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టము 2010 అక్టోబరు 25 నుండి అమలులోనికి వచ్చినది. అట్టి గిడ్డంగి ఇచ్చు రశీదును బ్యాంకులో కుదువపెట్టి రైతు అప్పు సయితము పొందవచ్చును. మడిగెసంగతి వేరు. అందులో మీరేమి పెట్టితిరో యజమాని ఎరుగడు, తాళపుచెవి మీ జేబులోనే యుండును. కాబట్టి ఎలుక కొరికినను, కప్పు కారినను, దొంగ దూరినను, ప్రత్యేకముగా వ్రాసికొన్న ఒప్పందము లేనిచో, నష్టపరిహారము అడుగుట కష్టసాధ్యమగును.

కావున అద్దెపత్రములో కప్పు మరమ్మతు ఎవరిదో, అద్దె తప్పినచో సామానును ఏమిచేయుదురో, ఖాళీచేయుటకు ఎన్నిదినముల ముందు తెలుపవలెనో స్పష్టముగా వ్రాయించుకొనవలెను. ఇంటికి బీమా యున్నవారు ఆ పత్రమును ఒకసారి తెరచి చూచుట మంచిది. అది సాధారణముగా అందు వ్రాసిన చిరునామాకే పరిమితమై యుండును, మడిగెలోని సామానును కాపాడదు. తాళము వేయుటకుముందు లోపలిభాగమును నాలుగువైపులనుండి ఫోనులో ఫొటోలు తీసి, వస్తువుల పట్టిక రెండు ప్రతులు వ్రాసి, ఒకటి మీవద్దను, ఒకటి నమ్మకమైన బంధువువద్దను ఉంచుడు. రెండవ తాళపుచెవియు ఆ బంధువువద్దనే యుండవలెను.

దాచదగినవి

మొదట చెప్పదగినవి గట్టికొయ్య సామానులు. టేకు మంచములు, బల్లలు, కుర్చీలు చెదలు దరిచేరనంతవరకు సంవత్సరములకొలది చెక్కుచెదరక యుండును. మంచమును విప్పి, మరలు, బోల్టులు ఒక చిన్నసంచిలో వేసి ఆ మంచపుపట్టెకే కట్టివేయవలెను; విడిగా దాచిన బోల్టులు మంచము బిగింపవలసిననాడు కనబడవు. ఇనుప బీరువా ఖాళీగా చోటు నాక్రమించును గనుక అందు నూలు దుప్పట్లు, రగ్గులు సర్దుట మేలు. పరుపును బాగుగా ఎండబెట్టి, గుడ్డసంచిలో కట్టి నిలువుగా పెట్టవలెను. చెమ్మతో ప్లాస్టికు కాగితములో బిగించిన బూరుగుదూది పరుపు ఒక వానకాలములోనే ముక్కిపోవును.

ఇత్తడి, కంచు, రాగి పాత్రలు ఈ గదికి ఉత్తములైన అతిథులు. జనగామ చెంతనున్న పెంబర్తిలో ఇత్తడి రేకుపై నగిషీలు దిద్దు కళాకారుల చేతి వస్తువులు, కాకతీయుల కాలమునాటి సంప్రదాయమని చెప్పుకొనబడు ఆ పనితనము, ఈ సీమలోని అనేక గృహముల పూజామందిరములలో కానవచ్చును. వాడుక పాత్రలను చింతపండుతో తోమి, పులుసు ఏమాత్రము మిగులకుండ కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, పాత నూలుచీర ముక్కలలో చుట్టినచో చిలుము పట్టదు. నగిషీ వస్తువులపై వార్నిషు పూత యున్నచో చింతపండు తగులనీయక పొడిగుడ్డతో తుడిచి చుట్టవలెను. తోమినచో పూత పొరలుపొరలుగా లేచి ఇత్తడి మచ్చలుపడును.

యంత్రసామగ్రిలో ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, టీవీ దాచదగినవే కాని, ఊరక తోసి తలుపు మూయరాదు. ఫ్రిజ్జును రెండుదినముల ముందే ఆపి, లోనిమంచు కరగి ఆరిన పిమ్మట సోడాయుప్పు నీటితో తుడిచి, తలుపు మూతపడకుండ మధ్య ఒక మడతగుడ్డ పెట్టవలెను. బిగియమూసిన ఫ్రిజ్జులో బూజుపట్టి పుట్టిన వాసన పిమ్మట ఎన్ని కడుగులు కడిగినను పోదు. వాషింగ్ మెషీను గొట్టములలో నిలిచిన నీటిని పూర్తిగా వంపివేయవలెను. టీవీని దాని సొంత అట్టపెట్టెలో నిలువుగా పెట్టవలెను, పైన బరువు మోపరాదు.

వ్యవసాయదారునకు ఈ గది మరియొక విధమున ఉపకరించును. బావి మోటారు, స్ప్రేయరు, డ్రిప్పు పైపుల చుట్టలు, టార్పాలిన్లు, కాంటా, ఇవి సంవత్సరములో కొన్ని నెలలే పనిచేయునవి. పొలమువద్ద విడిచిన దొంగలపాలగును. వీటికి గడువు ప్రకృతియే నిర్ణయించినది గనుక మన సూత్రమునకు ఇవి సరిగా సరిపోవును. స్ప్రేయరులోని మందు, పెట్రోలు పూర్తిగా తీసివేసి కడిగినగాని లోనికి చేర్పరాదు. డ్రిప్పు పైపులను నేలపై గాక గోడకు కొట్టిన మేకులకు వ్రేలాడదీసినచో ఎలుకల బాధ చాలవరకు తగ్గును.

దాచరానివి

మండునవి, ప్రేలునవి, కుళ్ళునవి, ప్రాణమున్నవి, పోయిన తిరిగిరానివి, ఈ అయిదు జాతులకును అద్దెగదిలో ప్రవేశము లేదు. గ్యాసుబండ ఖాళీదైనను పెట్టరాదు. ఏజెన్సీలో అప్పగించి డిపాజిటు కాగితము భద్రపరచుకొనుట సులభము. ఇంటికి వేయగా మిగిలిన రంగుడబ్బా, థిన్నరు, పెట్రోలు వంపివేయని మోటారుసైకిలు, దీపావళి టపాకాయలు, పురుగుమందు సీసాలు, వీటిలో ఏదియైనను ప్రక్క మడిగెలోని బట్టలకొట్టునకు సయితము ముప్పు తెచ్చును. ఇన్వర్టరు బ్యాటరీని చార్జింగు లేక నెలలకొలది విడిచినచో లోపలి పలకలు పాడగును. దానిని పాతబ్యాటరీ ధరకు ఇచ్చివేయుటయే మేలు. స్కూటరు, లాప్‌టాప్, పాత సెల్‌ఫోను మొదలగువాటి లిథియం బ్యాటరీలను వేడిగదిలో మూసియుంచుట ప్రమాదకరము.

బియ్యము, పప్పు, ఆవకాయ జాడీ, చింతపండు, బెల్లము వంటివి ఎంత గట్టిగా మూసినను ఎలుకలకు, చీమలకు ఆహ్వానపత్రికలే. విత్తనములసంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. గింజలో తేమ నూటికి ఒక పాలు తగ్గినను, నిలువయుంచిన చోటి వేడి అయిదు డిగ్రీలు తగ్గినను విత్తనపు ఆయుస్సు సుమారు రెట్టింపగునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ లెక్కను తలక్రిందులు చేసినచో, మే నెలలో రేకులగదిలో పెట్టిన విత్తనము మృగశిరకు మొలకెత్తకపోవుటకు కారణము తెలియును.

పోయిన తిరిగిరానివనగా కాగితములు, బంగారము, ఛాయాచిత్రములు. ఇంటి దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకము, పిల్లల ధ్రువపత్రములు ఏ పరిస్థితిలోను మడిగెలో నుండరాదు. బంగారమునకు, మూలదస్తావేజులకు బ్యాంకు లాకరే తగిన చోటు. 2022 జనవరి 1 నుండి అమలగు రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారము, అగ్నిప్రమాదము, దొంగతనము, భవనము కూలుట, సిబ్బంది మోసము వంటి కారణములచే లాకరులోని సొత్తు పోయినచో బ్యాంకు ఆ లాకరు వార్షికపుటద్దెకు నూరు రెట్లవరకు బాధ్యత వహింపవలెను. మడిగె యజమాని అట్టి మాట ఈయడు. పెండ్లి వీడియో కేసెట్లు, పాత ఆల్బములు వేడికి, బూజుకు నశించును గనుక, వాటిని నకళ్ళు తీయించి డిజిటల్ రూపములో భద్రపరచిన పిమ్మట మూలములను ఇంటిలోనే ఉంచుకొనవలెను. పట్టుచీరలును ఈ కోవకే చెందును. మూడుమాసముల కొకసారి మడత మార్చనిచో జరీ మడతవెంబడి చిట్లును, కలరా ఉండలు నేరుగా తగిలినచో జరీ నల్లబడును. ఇంత సేవ మడిగెలో జరుగునా?

నీరు, వేడి, పురుగు

2023 జూలై 27న ముగిసిన ఇరువదినాలుగు గంటలలో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లు, పొరుగున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు వాన కురిసినది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామమును ముంచివేయగా జనులు ఇండ్లకప్పులపై కెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. మరుసటి ఏడు 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లాలో వరదనీరు పొర్లి ఇంటికన్నె, కేసముద్రము స్టేషన్ల మధ్య రైలుపట్టాల క్రింది మట్టిని కోసికొనిపోయినది. ఇట్టి సీమలో మడిగె వెదకువాడు అద్దె యెంతయని అడుగుటకు ముందే, ఆ వానలకు ఇక్కడ నీరెంతవరకు నిలిచినదని ఎదుటి టీకొట్టు యజమాని నడుగవలెను. గోడపై మిగిలిన మరక యతనికంటెను నిష్కర్షగా సమాధానము చెప్పును. వాగునకు, చెరువు అలుగునకు దిగువను, రోడ్డుమట్టమునకు పల్లమునను ఉన్న గది ఎంత చౌకగా వచ్చినను విడిచిపెట్టవలెను.

మెరకగదిలో సయితము ఏ వస్తువును నేరుగా నేలపై పెట్టరాదు. రెండు ఇటుకల యెత్తున చెక్కపలకలు పరచి, వాటిపై ముందు స్టీలు, ప్లాస్టికు వస్తువులను, ఆపైన కొయ్యసామానును, అన్నిటికంటె ఎత్తున గుడ్డలను, పుస్తకములను అమర్చవలెను. గోడకును సామానునకును నడుమ జానెడు సందు విడువవలెను. చెదపుట్ట మొదట గోడవెంటనే లేచును గనుక ఆ సందులో టార్చి వేసి చూడగలిగినప్పుడే దానిని ముందుగా పట్టుకొనగలము. పుస్తకములను చిన్న పెట్టెలలోనే సర్దవలెను; పెద్దపెట్టెలో నింపిన పుస్తకములను ఎత్తగల హమాలీ దొరికినను పెట్టె అడుగు ఆగదు. తరచుగా కావలసిన వస్తువులు షట్టరువద్దను, కడపట తీయునవి లోపలను పెట్టి, నడుమ మనిషి నడచునంత దారి విడువవలెను. ప్రతి పెట్టెకును పైన గాక ప్రక్కన పేరు వ్రాయవలెను. ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు పైన వ్రాసినది కనబడదు.

వానకాలములో ఒకమారు, చలికాలపు ఎండలో ఒకమారు షట్టరు ఎత్తి గంటసేపు గాలి తగులనీయవలెను. గాలిలో తేమ నూటికి డెబ్బది పాళ్ళు దాటి దినములకొలది నిలిచినచో బూజు పుట్టును. దానికి గాలికంటె చౌకైన మందు లేదు.

మనస్సు విడువని వస్తువులు

ఇంతవరకు చెప్పిన లెక్కలకు లొంగని వస్తువులు కొన్ని ప్రతి యింటను ఉండును. తల్లి చివరిదినములు గడిపిన నవారుమంచము, బిడ్డలందరును ఊగిన తొట్టెల, తండ్రి నలుబదియేండ్లు నడిపిన కుట్టుమిషను, వీటికి బజారులో వెలలేదు, ఇంటిలో చోటులేదు, ఇచ్చివేయుటకు మనసొప్పదు. ఇట్టివానిని దాచుకొనుట అవివేకమని చెప్పు గ్రంథములు కలవు. ఆ మాట నాకు సమ్మతము గాదు. గతించినవారి స్పర్శ నిలిచిన వస్తువు ఒకటైనను లేని యిల్లు సత్రముతో సమానము. అయితే స్మృతి ఇంటిలో నిత్యము కంటబడుచోట నుండవలసినది. తాళము వేసిన మడిగెలో, సోఫా వెనుక, దుమ్ముక్రింద నున్న తల్లి మంచము ఆమెను గుర్తుచేయుటలేదు, గుర్తుచేయుపనిని తప్పించుచున్నది. కావున గతించిన ఒక్కొక్కరి పేర ఒక్క వస్తువును ఎంచి ఇంటిలోనికి తెచ్చుకొనుడు. కుట్టుమిషను మాట వినుడు: అది ఊరిలో కుట్టుపని నేర్చుకొనుచున్న ఒక బాలిక యింట నడచినచో తండ్రి కష్టము మరల ఒకరికి అన్నము పెట్టినట్లగును. తొట్టెలను బంధువర్గములో క్రొత్తగా బిడ్డ కలిగిన యింటికి పంపి, వారి బిడ్డ నడకనేర్చిన పిమ్మట తరువాతి యింటికి పంపుమని చెప్పినచో, అది అద్దె లేకయే ఒక యింటినుండి మరియొక యింటికి సాగిపోవును.

అన్నదమ్ముల ఉమ్మడిసొత్తు మడిగెలో పడియుండుట మరియొక విధమైన చిక్కు. పంపకము కుదరక తాళము వేసిన పాత్రలు, బీరువాలు అద్దెనెవరు కట్టవలెనను క్రొత్తతగవునకు మూలమగును. ఇట్టిచోట గడువును నోటిమాటగా గాక, అందరి సంతకములతో ఒక కాగితముపై వ్రాసికొనుట ధర్మము. ఆ దినమునకు పంపకము కాకున్నచో అమ్మి సొమ్ము పంచుకొందుమనియు అందే వ్రాయవలెను.

అభ్యాసము

మన ప్రాంతమున అద్దెపత్రములు సాధారణముగా పదునొకండు మాసములకే వ్రాయుదురు.  మరియొక పనికై ఏర్పడిన ఈ గడువును మీరు మీ వస్తువుల విచారణదినముగా మార్చుకొనవచ్చును. పత్రము ముగియుటకు పదునైదుదినముల ముందు ఒక ఆదివారము, కుటుంబములో కనీసము ఇద్దరు కలిసి, వస్తువుల పట్టిక చేతబట్టుకొని మడిగెకు పోవుడు. ఒక్కొక్క వస్తువునెదుట నిలిచి నాలుగు ప్రశ్నలు వేసికొనుడు: ఈ పదునొకండు మాసములలో ఇది ఒక్కసారియైనను మాకు కావలసివచ్చినదా? రాబోవు గడువులో ఇది ఇంటికి చేరు దినమును పేరుపెట్టి చెప్పగలమా? దీని వంతు అద్దె దీని వెలను మించినదా? ఇది మాకంటె మరియొకరికి నేడే ఉపయోగపడునా?

సమాధానములను పట్టికలో ఆ వస్తువు పేరునకెదురుగా వ్రాసి, 'ఇంటికి', 'అమ్మకము', 'దానము', 'మరల గడువు' అను నాలుగు మాటలలో ఒకటి నిర్ణయింపుడు. 'మరల గడువు' అని వ్రాసినచోట తేదీ కూడ వ్రాయవలెను. తేదీ వ్రాయుటకు చేయి రానిచో ఆ వస్తువు 'అమ్మకము'నకో 'దానము'నకో పోవలసినదే. వరుసగా రెండు గడువులలో 'మరల గడువు' పొందిన వస్తువునకు మూడవ అవకాశము లేదని కుటుంబమంతయు ముందే ఒప్పుకొనుడు. అమ్మవలసినవాటికి ఆ వారములోనే పాతసామాను వ్యాపారిని పిలువుడు, ఈయవలసినవాటిని ఆదినమే ఆటోలో ఎక్కింపుడు; మరల ఇంటికి తెచ్చి ఆలోచింతమన్నచో అవి అటకనెక్కును.

ఈ విధముగా రెండు మూడు గడువులు గడచిన పిమ్మట సాధారణముగా మడిగెలో సగము చోటు ఖాళీయగును. అప్పుడు యజమానితో మాటలాడి చిన్నగదికి మారుడు, లేదా పొరుగువానితో పంచుకొని అద్దె సగము చేసికొనుడు. మిగిలిన వస్తువులు ఇంటిలో ఇముడునంత తగ్గినచో తాళపుచెవి తిరిగి ఇచ్చివేయుడు. ఏ మిర్చిరైతును తన బస్తాలు చల్లనిగదిలో ఎన్నేండ్లు నిలిచినవని గర్వపడడు. సరియైన దినమున బయటికి తీసి అమ్మగలిగినందుకే సంతసించును. మడిగె అద్దెకు తీసికొన్న మీకును అదే కొలమానము: గది యెంత నిండినదని గాక, చెప్పిన గడువునకు అందులోనుండి ఎన్ని వస్తువులు బయటికి వచ్చి ఎవరికైన పనికివచ్చినవో లెక్కించుకొనుడు.